నూకాలు దొంగిలించిన తొలిచూపు

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, ఒక జట్కాబండి ఉంది. ఊరి పేరు అల్లిలోవ. ఊరికి వెనక కొండ, ముందు చెరుకుతోటలు, ఇంకా ముందుకు పోతే సముద్రం. దుప్పటి సరిగ్గా కప్పుకో అమ్మలూ, కాళ్ళాడించకు. నువ్వు కాళ్ళాడిస్తే గుర్రం బెదురుతుంది. ఆ, ఈ కథలో గుర్రం కూడా ఉంది. దాని పేరు ముత్యం.

ముత్యమూ, బండీ గవరయ్య తాతవి. వారంలో ఆరు రోజులు ఆయన రైలు దిగినవాళ్ళని ఎక్కించుకుని ఊళ్ళలో దింపేవాడు. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆ రోజు బండి ఇంటివాళ్ళది. మామ్మ తెల్లారగట్లే లేచి పులిహోర కలిపేది. తాత బండిలో కొత్త గడ్డి పరిచి దానిమీద బొంత వేసేవాడు. అప్పుడు అందరూ ఎక్కి ఎక్కడికో ఒకచోటికి పోయేవాళ్ళు. ఎక్కడికో అంటే కాశీకీ రామేశ్వరానికీ కాదు. ముత్యం పొద్దున వెళ్ళి దీపాల వేళకి తిరిగి రాగలిగినంత దూరం, అంతే.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇంకే ఊళ్ళోనూ, ఇంకే ఇంట్లోనూ లేని ఆచారం. పిల్లల్ని ఎక్కడికైనా మొట్టమొదటిసారి తీసుకెళ్తే, చోటు దగ్గరపడగానే తాత తన తలపాగా విప్పి పిల్ల కళ్ళకి గంత కట్టేవాడు. చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. సరైన చోట నిలబెట్టి, గంత విప్పి, "ఏం కనబడింది?" అని అడిగేవాడు.

అప్పుడు పిల్ల నోటివెంట ఏ మాట వస్తే అదే ఆ చోటుకి ఆ ఇంట్లో పేరు. లోకం ఏ పేరు పెట్టుకున్నా సరే, వాళ్ళకి అదే పేరు.

ఇదేం వేషం అని ఎవరైనా నవ్వితే తాత ముత్యాన్ని చూపించేవాడు. గుర్రం రెండు పక్కలా చూస్తే బెదిరిపోతుంది, అందుకని గంత. పిల్ల దూరం నుంచే కొంచెం కొంచెం చూసేస్తే రుచి పోతుంది, అందుకని గంత. తొలిచూపు మనిషికి ఒక్కసారే వస్తుంది, దాన్ని ముక్కలు చేసి తినకూడదు అనేవాడు.

తాతకి కొడుకు కూతురు ఒకత్తి ఉండేది. పేరు నూకాలు. తొమ్మిదేళ్ళది. రెండు జడలు, ఒక జడకి ఎప్పుడూ రిబ్బను ఊడిపోయి ఉండేది. ఇంట్లో ఒక్కతే పిల్ల కాబట్టి ఊరి చుట్టుపక్కల చోట్లన్నిటికీ నూకాలు పెట్టిన పేర్లే. నాలుగేళ్ళప్పుడు సముద్రం చూసి, ఇంత కుడితి ఏ గుర్రం తాగుతుంది అంది. అప్పటినుంచి వాళ్ళింట్లో సముద్రం పేరు పెద్ద కుడితి. రైలువంతెన మీద రైలుబండి పోతుంటే చూసి జెర్రి అంది. అదీ అలాగే నిలిచిపోయింది.

బండిలో తాత పక్కన ముందు పలక మీద కూర్చునేది కూడా నూకాలే. పగ్గాల కొస దాని చేతిలో ఉండేది. బండి తనే తోలుతున్నట్టు దారిలో వచ్చేపోయేవాళ్ళని అదిలించేది. అడ్డు లేని రాజ్యం. అలాంటి రాజ్యంలోకి ఒకరోజు తాయారు దిగింది.

తాయారు ఎవరంటే, నూకాలు మేనత్త కూతురు. అత్త పురిటికి పుట్టింటికి వస్తూ పిల్లని వెంటబెట్టుకొచ్చింది. ఆరేళ్ళది. ముందు పళ్ళు రెండూ లేవు. వరసకి నూకాలు దానికి వదిన కదా, దిగగానే వాళ్ళమ్మ చెప్పింది, వదిన అని పిలవమని. అంతే, అప్పటినుంచి అది నూకాలు పావడా పట్టుకుని వదినా వదినా అని తిరిగేది. పెరట్లోకి పోతే పెరట్లోకి, వీధిలోకి పోతే వీధిలోకి. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. నూకాలుకి మొదటి రెండు రోజులు బాగానే ఉంది. పెద్దరికం ఎవరికి చేదు?

ఆ తర్వాత మొదటి ఆదివారం వచ్చింది.

అత్తకి నెలలు నిండాయి, కుదుపులు పనికిరావు. నూకాలు వాళ్ళమ్మ అత్తకి తోడు ఉండిపోయింది. తాత, మామ్మ, ఇద్దరు పిల్లలు బయల్దేరారు. నూకాలు ఎప్పటిలాగే ముందు పలక ఎక్కబోయింది. తాత దాని భుజం మీద చెయ్యి వేసి, ఇవాళ తాయారుని కూర్చోనీ, అదింకా ఏదీ చూడలేదు కదా అన్నాడు. నూకాలు వెనక్కి వెళ్ళి పులిహోర గిన్నె పక్కన కూర్చుంది. గిన్నెని కాలితో ఒక్కటి తన్నింది కూడా, మామ్మ చూడకుండా.

సముద్రం దగ్గరికి వెళ్ళారు. తాత తాయారు కళ్ళకి గంత కట్టాడు, ఇసకలో నడిపించాడు, నీళ్ళ అంచున నిలబెట్టి విప్పాడు.

"ఏం కనబడింది?" అన్నాడు.

తాయారు చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఎవరో తెల్ల దుప్పట్లు దులుపుతున్నారు అంది.

మామ్మ పకపకా నవ్వింది. తాత చప్పట్లు కొట్టాడు. నిజంగానే అలలు ఒకదాని తర్వాత ఒకటి, దులిపిన దుప్పట్లలాగే వస్తున్నాయి. ఇన్నేళ్ళూ నేను చూడనే లేదే అని మామ్మ మళ్ళీ నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎవరో ఎక్కడినుంచి తాతా అని అడిగితే, దుప్పట్లకి వెళ్ళొస్తున్నాం అన్నాడు తాత.

దుప్పట్లు అన్నాడు. పెద్ద కుడితి అనలేదు.

ఆ తేడా నూకాలు చెవిని దాటిపోలేదు. ఐదేళ్ళుగా తన పేరు. ఒక్క పూటలో పోయింది. తన వస్తువు ఏదో తన కళ్ళముందే తీసి ఇంకొకరి చేతిలో పెట్టినట్టు అనిపించింది. ఆ రాత్రి అన్నం తినమంటే ఆకలి లేదంది. తాయారు వచ్చి పక్కలో పడుకుంటే గోడవైపు తిరిగింది. వదినా, నీకు దుప్పటి కావాలా అని తాయారు అడిగింది పాపం, మామూలుగానే. నూకాలుకి ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

అసూయ అంటే ఏమిటని అడుగుతావు కదూ. నీకు తెలీదేంటి? మొన్న మీ అన్నయ్యకి కొత్త చెప్పులు కొన్నప్పుడు నీకు పొట్టనొప్పి వచ్చింది చూడు, అదే. సరే సరే, మూతి ముడుచుకోకు, కథ విను.

రెండో ఆదివారం వచ్చింది. ఈసారి రైలువంతెన. నూకాలు ముందే ఆలోచించి పెట్టుకుంది. కుడితి పోతే పోయింది, జెర్రి మాత్రం పోకూడదు. అందుకని శనివారం సాయంత్రం తాయారుని గుర్రపుశాల వెనక్కి తీసుకెళ్ళి అంతా చెప్పేసింది. ఏరు ఉంటుంది, ఏటి మీద ఇనప వంతెన ఉంటుంది, దానిమీద నల్లటి పొడుగాటి బండి ధడధడలాడుతూ పోతుంది. గంత విప్పగానే జెర్రి అనాలి. ఇంకేం అనకూడదు, జెర్రి అంటేనే తాతకి ఇష్టం అంది. ఎన్నిసార్లు చెప్పిందో తెలుసా? మూడుసార్లు చెప్పింది, మూడుసార్లు చెప్పించుకుంది.

తాయారు బుద్ధిగా తల ఊపింది. మర్నాడు బండిలో ముందు పలక మీద కూర్చుని దారంతా లోపల్లోపల వల్లె వేసుకుంటూనే ఉంది.

ఏటి ఒడ్డుకి వెళ్ళారు. రైలు కూత వినబడింది. తాత గంత విప్పాడు. ధడధడా ధడధడా రైలు వంతెన ఎక్కింది. తాయారు నోరు తెరిచింది, మరి మూయలేదు. రైలు వెళ్ళిపోయాక తాత ఏం కనబడింది అని అడిగాడు.

"జెర్రి అని చెప్పమన్నారు," అంది తాయారు.

మామ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తాత నవ్వలేదు. నూకాలు వైపు ఒకసారి చూసి, ఆచారం ఆచారమే, ఇవాళ్టినుంచి దీని పేరు చెప్పమన్న వంతెన అన్నాడు. నూకాలు తేలుకుట్టిన దొంగలా తల దించుకుని గులకరాళ్ళు ఏరుకుంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏడవడానికి ఒక వంక దొరికేది.

అయినా బుద్ధి వచ్చిందా? రాలేదు. తప్పు తనదే అని తెలిసేసరికి తాయారు మీద ఇంకా మండిపోయింది. చెప్పింది చెప్పినట్టు చెప్పడం కూడా రాదు దీనికి, పళ్ళు లేని మొహం అనుకుంది.

అప్పుడు మూడో ఆదివారం దగ్గరపడింది.

ఆ ఊరి వెనక కొండకి అవతలి వైపు ఒక జలపాతం ఉంది. ఏడాది పొడుగునా ఉండదది. తొలకరి వానలు పడ్డాక నెలరోజులు దూకుతుంది, ఆ తర్వాత ఎండిపోయి రాయి కనబడుతుంది. ఊరి చుట్టుపక్కల నూకాలు చూడని చోటు అదొక్కటే. రెండేళ్ళ కిందట వెళ్దామనుకుంటే ముత్యం కాలికి లాడం ఊడి కుంటింది. కిందటేడు వెళ్దామనుకుంటే నూకాలుకి అమ్మవారు పోసింది. ఇరవై రోజులు వేపాకుల మీద పడుకుని, కొండవైపు చూసి ఏడ్చింది. ఆ చోటుకి ఏం పేరు పెట్టాలా అని ఎన్ని పేర్లు అనుకుందో, ఎన్ని పేర్లు చెరిపేసుకుందో.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. వచ్చే ఆదివారం జలపాతానికి పోదాం అన్నాడు తాత. నూకాలు గుండె ఎగిరింది. ఎగిరిన గుండె శుక్రవారం సాయంత్రం దబ్బున కిందపడింది.

ఎందుకంటే, శుక్రవారం బడినుంచి వచ్చేసరికి మామ్మ అరుగు మీద కూర్చుని ఎర్ర నూలుగుడ్డకి అంచు కుడుతోంది. కొత్త గంత. తలపాగా కాదు, గంతకోసమే కొత్తగా కుడుతున్న గుడ్డ. దాన్ని తాయారు తలకి చుట్టి, ముడికి ఎంత గుడ్డ కావాలో కొలత చూసింది. తాయారు కిలకిలా నవ్వుతోంది. తాత పక్కనే నిలబడి, ఇంకో జానెడు వదులు ఉంచు అంటున్నాడు.

నూకాలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గంత ఎవరికి అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ కుళ్ళుకునే మనిషి అడగదమ్మా, తనే అనేసుకుంటుంది. సముద్రం పేరు పోయింది, వంతెన పేరు పోయింది, పలక పోయింది. ఇప్పుడు ఈ జలపాతం కూడా దానికే. దానికి కొత్త గంత కూడానూ. నాకు ఏనాడైనా కొత్త గంత కుట్టారా అనుకుంది. గుర్రం కంపు కొట్టే తలపాగాయే కదా కట్టారు అనుకుంది.

అప్పుడు దానికి ఒక ఆలోచన వచ్చింది. అది మంచి ఆలోచన కాదు. నీకు ముందే చెబుతున్నాను, నువ్వు అలాంటివి చెయ్యకూడదు.

శనివారం ఒంటిపూట బడి. బడి విడిచాక నూకాలు ఇంటికి రాలేదు. కొండమీదికి కట్టెలకి వెళ్ళే సోములమ్మ వెనకాల నడిచింది. మీ తాతకి చెప్పావా అని సోములమ్మ అడిగితే చెప్పాను అంది. బండిదారి కొండ చుట్టూ తిరిగి జలపాతం కిందికి పోతుంది. కట్టెల దారి కొండెక్కి జలపాతం నెత్తిమీదికి పోతుంది. కంపలు గీరుకున్నాయి, పావడా అంచు చిరిగింది. అయినా నూకాలు ఆగలేదు. తాయారు కంటే ముందు చూడాలి, తాయారు కంటే ముందు పేరు పెట్టాలి, అంతే.

పైకి చేరాక సోములమ్మ, నీళ్ళు ఆ బండల మీదనే, దూరంగా నిలబడి చూడు అని చెప్పి తన పనిలో పడింది. నూకాలు వెళ్ళి ఒక బండ పట్టుకుని నిలబడింది.

నీళ్ళు ఎక్కడినుంచో గలగలా వచ్చాయి. దాని కాళ్ళముందు నుంచి జారి, బండ అంచుదాకా పోయి, కనబడకుండా పోయాయి. ఎక్కడ పడుతున్నాయో పైనుంచి తెలియదు. హోరు మాత్రం వినబడుతోంది. మళ్ళీ నీళ్ళు వచ్చాయి, మళ్ళీ పోయాయి.

నూకాలు పేరు పెడదామని నోరు తెరిచింది. కానీ ఏం కనబడింది అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. అడిగేవాళ్ళు లేకపోతే మాట రావడం లేదు. దాచుకున్న పేర్లలో ఒకటి పైకి అని చూసింది. తన గొంతు తనకే వింతగా వినబడింది. నీళ్ళ హోరులో ఆ పేరు కొట్టుకుపోయింది. సోములమ్మ దూరంగా కట్టెలు విరుస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

కాసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత దిగొచ్చేసింది. గెలిచినదానిలా లేదు. ఎక్కడికెళ్ళావే అని మామ్మ అడిగితే, పక్కింటి పిల్లలతో ఆడుకున్నాను అంది. ఒక తప్పుకి ఇంకో అబద్ధం, లంకె కుదిరింది.

మర్నాడు పొద్దున్నే బండి సిద్ధమైంది. తాయారు అలవాటుగా ముందు పలక ఎక్కి కూర్చుంది. అప్పుడు తాత దాన్ని ఎత్తి వెనక మామ్మ ఒళ్ళో పెట్టాడు. నూకాలూ రా ఇటు అన్నాడు. పలక మీద కూర్చోబెట్టాడు. నడుముకి చుట్టుకున్న ఎర్ర గంత తీసి దాని చేతిలో పెట్టాడు.

"ఇది నీదేనే. రెండేళ్ళనుంచి ఈ కొండ దారిని నీకోసం దాచాను. నువ్వు చూడకుండా ఇంకెవరికీ చూపించనని మీ మామ్మతో అన్నాను," అన్నాడు.

వెనకనుంచి మామ్మ అందుకుంది. తలపాగా గుర్రం కంపని ఇన్నేళ్ళూ దెప్పింది ఎవరు, నువ్వు కాదూ, అందుకే కొత్త గుడ్డ అంది. కొలతకి నీ తలకాయ బళ్ళో ఉంది, దాని తలకాయ ఇంట్లో ఉంది, ఏ తలకాయైతే ఏమని చుట్టి చూశాను అంది.

నూకాలు కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. గుడ్డ వైపు చూసింది, అంచు చుట్టూ చిన్న చిన్న కుట్లు. మామ్మకి కళ్ళు సరిగ్గా ఆనవు, అయినా ఒక్క కుట్టు తప్పలేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. మామ్మ ఒళ్ళో తాయారు కింది పెదవి ముందుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. నాకెందుకు కాదు, వదినకేనా అంటోంది. మామ్మ బెల్లంముక్క ఇస్తే నెట్టేసింది. నూకాలుకి ఆ పెదవి తెలుసు. ఆ మంట తెలుసు. రెండు వారాలుగా తను మోసిందే అది. ఇంకొకరి మొహం మీద చూడటం మాత్రం అదే మొదలు.

బండి కొండ చుట్టూ తిరిగింది. హోరు వినబడేలోపే తాత పగ్గాలు వదిలి నూకాలు కళ్ళకి గంత కట్టాడు. గుడ్డ గంజి వాసన వేస్తోంది. చీకట్లో నూకాలుకి ఆలోచించుకోవడానికి బోలెడంత సమయం దొరికింది. ఏం చెయ్యాలి? చూడనట్టే నటించవచ్చు. అబ్బ అనవచ్చు. దాచుకున్న పేరు ఒకటి అనవచ్చు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ప్రతి ఏడూ తొలకరి పడగానే తాత ఆ పేరే అంటాడు, మామ్మ ఆ పేరే అంటుంది. అన్న ప్రతిసారీ తనకి మాత్రం అది అబద్ధం అని తెలుస్తుంది.

బండి ఆగింది. తాత దాన్ని దింపి చెయ్యి పట్టుకుని నడిపించాడు. కాళ్ళకింద తడిరాళ్ళు. మొహం మీద సన్నటి తుంపర. పైనుంచి చూసినప్పుడు ఈ తుంపర లేదు. తాత ఆగాడు. ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పకు తాతా," అంది నూకాలు. "నేను నిన్ననే చూసేశాను."

చెప్పేసింది. కొండమీదికి పోవడం, సోములమ్మకి అబద్ధం చెప్పడం, మామ్మకి అబద్ధం చెప్పడం, ఈ గంత తాయారుకే అనుకోవడం, దానికంటే ముందు చూడాలనుకోవడం అంతా చెప్పేసింది. గంత ఉంది కాబట్టి చెప్పగలిగింది. తాత మొహం కనబడుతుంటే చెప్పలేకపోయేది.

తాత చెయ్యి ముడి మీదినుంచి కిందికి జారింది. మామ్మ తిట్టడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసింది, తాత మొహం చూసి ఉంటుంది. ముత్యం ఒకసారి ముక్కు చీదింది. నీళ్ళు హోరుమంటున్నాయి.

ఆ తర్వాత తాత అన్నాడు, తొలిచూపు నేను మళ్ళీ ఇవ్వలేనమ్మా, ఇద్దామన్నా నా దగ్గర ఇంకోటి లేదు. కోపంగా అనలేదు. ఆయన కోపంగా అననందుకే నూకాలుకి ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

అప్పటిదాకా అలిగి మామ్మ కొంగులో మొహం దాచుకున్న తాయారు, జలపాతం వైపు తల ఎత్తకుండానే వచ్చి నూకాలు పావడా పట్టుకుంది. దాని అలక ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. చిన్నపిల్లల అలక కదా, పెద్దవాళ్ళ దానిలాగా కుండలో పెట్టి మూత పెట్టరు.

"పైనుంచి ఏం కనబడింది వదినా?" అని అడిగింది.

నిన్న కొండమీద ఎవరూ అడగని మాట.

"నీళ్ళు పోవడమే కనబడింది," అంది నూకాలు ఎక్కిళ్ళ మధ్య. "నాతోటి ఎవరూ లేరు తాయారూ. ఏం బాగాలేదు."

ఆ తర్వాత నూకాలు ఒక పని చేసింది. ఎవరూ చెప్పలేదు. జలపాతం వైపు చూడకుండా వెనక్కి తిరిగింది. తన గంత తనే విప్పుకుంది. ఆ ఎర్రగుడ్డని తాయారు కళ్ళకి కట్టింది. జడ చిక్కకుండా చూసి ముడి వేసింది. గట్టిగా ఉందా అని అడిగింది. దాని రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి వెనక్కి నడుస్తూ, ఇక్కడ రాయి ఉంది కాలెత్తు, ఇక్కడ పాకుడు ఉంది మెల్లిగా అంటూ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. తాత వాళ్ళ వెనకాల నడిచాడు గానీ చెయ్యి వెయ్యలేదు.

నిజం చెప్పాలంటే నూకాలు లోపల ఇంకా మండుతూనే ఉంది. తనదయిన దాన్ని తన చేతులతో ఇచ్చేస్తున్నప్పుడు మండదూ? మండుతుండగానే ఇచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది అదే.

నీళ్ళ ముందు ఆపింది. ముడి విప్పింది. విప్పి పక్కకి తప్పుకోవాలి కదా, తప్పుకోలేదు. ఆ క్షణాన తాయారు మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించి అక్కడే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తనకి గంత విప్పినప్పుడు తాత ఎదురుగా వంగి తన మొహంలోకే ఎందుకు చూసేవాడో, సముద్రం అటువైపు ఉంటే ఆయన ఇటువైపు ఎందుకు తిరిగేవాడో దానికి అప్పుడు తెలిసింది.

"ఏం కనబడింది?" అని అడిగింది నూకాలు.

తాయారు కళ్ళు నులుముకుంది. రెప్పలు టపటపలాడించింది. ఎదురుగా జలపాతం లేదు. నూకాలు మొహం ఉంది, ఏడ్చి ఏడ్చి ఎర్రబడి.

"వదిన ముక్కు కారుతోంది," అంది తాయారు.

మామ్మ ముందు ఆపుకుంది. ఆపుకోలేకపోయింది. రాయిమీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నూకాలుకి ఒళ్ళు మండింది, ఆ తర్వాత దానికీ నవ్వొచ్చింది, నవ్వుతుంటే ముక్కు ఇంకా కారింది.

అప్పుడు తాత తువ్వాలు తీసి, గొంతు సవరించుకుని, ఆచారం ఆచారమే అన్నాడు. మొదటి మాట మొదటి మాటే, వెనక్కి తీసుకోవడం లేదు అన్నాడు. ఆ తువ్వాలుతోనే నూకాలు ముక్కు తుడిచాడు. భుజాలు పట్టుకుని దాన్ని మెల్లిగా నీళ్ళవైపు తిప్పాడు.

పైనుంచి చూస్తే నీళ్ళు పోతాయి. కిందినుంచి చూస్తే నీళ్ళు వస్తాయమ్మా. కొండ నెత్తినుంచి, తెల్లగా, మనకోసమే వస్తున్నట్టు వస్తాయి. నూకాలు తలెత్తి చూస్తూ నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. తాయారు మాత్రం దాని పావడా పట్టుకుని, చూశావా వదినా, చూశావా అని ఊపుతూనే ఉంది. అందరూ అక్కడే పులిహోర తిన్నారు. గిన్నెలో మెతుకు మిగల్లేదు.

మరి నూకాలు కుళ్ళు ఆ రోజుతో పోయిందా? అంత తేలిగ్గా పోతే ఇంకేం. తరవాత అత్తకి మగపిల్లాడు పుట్టాడు. వాడికి నాలుగేళ్ళు వచ్చి మొదటిసారి సముద్రానికి తీసుకెళ్ళినప్పుడు వదినామరదళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. చూసే వంతుకోసం కాదు, గంత విప్పే వంతుకోసం. తాత ఇద్దరికీ చెరో కొస ఇచ్చి లాగమన్నాడు. వాడు సముద్రాన్ని చూసి ఏమన్నాడో వేరే కథ కాదు, వాడు భోరుమని ఏడ్చాడంతే, ఆ పేరు ఎవరూ పెట్టుకోలేదు.

ఆ జలపాతానికి మాత్రం ఇంకో పేరు రాలేదు. ఇప్పటికీ తొలకరి వాన పడగానే ఆ ఇంట్లోవాళ్ళు కొండవైపు చూసి, వదిన ముక్కు మొదలైందా అని అడుగుతారు. అడిగినప్పుడల్లా నూకాలు చిరాకుపడుతుంది. ఒక్క ఏడు ఎవరూ అడగకపోతే, అందరికంటే ముందు తనే అడిగింది.

కొండ మీది నీళ్ళు ఏటికి,
ఏటిలో నీళ్ళు కడలికి,
అలిసిన ముత్యం శాలకి,
అలిగిన పిల్ల ఒళ్ళోకి,
కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం మన ఇంటికి,
గంత వేద్దాం కంటికి,
విప్పుకుందాం పొద్దుటికి.